చిలికాలో బాతుల వేట

బరంపురంలో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి చిలికా సరస్సుతో గల పరిచయం రైలు కిటికీ పరిచయమే. కలకత్తా వైపు పోయే బండిలో కుడిచేతి కిటికీ దొరికితే చాలు. హుమ్మలో ఉప్పుమళ్ళు దాటి రంభ స్టేషను వచ్చేసరికి కొండల నడుమ నీరు తళుక్కుమంటుంది. అక్కడినుంచి ఖల్లికోట, బాలుగావ్ దాటేవరకూ ఆ నీరు కనబడుతూ, దాగుతూ, మళ్ళీ కనబడుతూ వెంట వస్తుంది. పిల్లలు "సముద్రం, సముద్రం" అని కేకలు వేస్తారు. పెద్దలు "సముద్రం కాదర్రా, సరస్సు" అని దిద్దుతారు. ఆలోచించి చూస్తే ఇద్దరి మాటా నిజమే. ఒక పక్క ఇసుకకట్టను చీల్చుకొని బంగాళాఖాతపు ఉప్పునీరు లోపలికి వస్తుంది. ఇంకొక పక్క దయా, భార్గవి మొదలైన నదులు మంచినీరు తెచ్చి పోస్తవి. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండే సరస్సు వానలు పడేసరికి 1,100 దాటి పరచుకుంటుంది. ఇంత విశాలమైన నీరు గదా, ఎంత లోతో అనుకుంటారు. చాలా చోట్ల మనిషి నిలువెత్తు కూడా ఉండదు. కొన్ని చోట్ల మోకాలి లోతే. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. మా వేట కథంతా ఈ మోకాలి లోతులోనే జరిగింది.

రంభ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. 1936 ఏప్రిల్ దాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిది గనక, మన పెద్దల కాగితాల్లో రంభ కూడా మద్రాసు ఊరే. పద్దెనిమిదో శతాబ్దం చివర గంజాం కలెక్టరుగా ఉండిన స్నాడ్‌గ్రాస్ దొర ఆ నీటి ఒడ్డున పెద్ద భవంతి కట్టించుకున్నాడు. నీటి మధ్య బండమీద ఆయన నిలబెట్టించిన స్తంభం కూడా ఉన్నది. తరువాత ఆ భవంతి ఖల్లికోట రాజులది అయింది. దొరలకూ, రాజులకూ, వారి అతిథులకూ చిలికా అంటే శీతకాలపు బాతుల వేట. వారిని చూచి మనబోటి వారికి కూడా ఆ సరదా అంటుకున్నది. తుపాకి లైసెన్సు ఉన్న ప్రతి ఉద్యోగి తాను సగం జమీందారునని అనుకునే రోజులవి.

పక్షులు మాత్రం ఎవరినీ చూచి నేర్చుకున్నవి కావు. అక్టోబరు వెళ్ళేసరికి సైబీరియానుంచి, మంగోలియానుంచి, కాస్పియన్ సముద్రం చుట్టుపక్కలనుంచి, లడాకు సరస్సులనుంచి గుంపులు గుంపులుగా దిగుతవి. సూదిలాంటి తోక గలవి, చెంచాలాంటి ముక్కు గలవి, ఎర్రని తల గలవి, ఎన్ని రకాల బాతులో. తలమీద రెండు నల్లని పట్టీలున్న పెద్దబాతులైతే హిమాలయాలమీదుగా ఎగిరి వస్తవి. మన కవులు చెప్పిన చక్రవాకాలు కూడా ఇక్కడ జంటజంటలుగా తిరుగుతూ ఉంటవి. బరంపురం బజారులో అమ్మేవాళ్ళు వీటన్నిటినీ కలిపి సముద్రపు బాతులు అనేవారు. అది వట్టి అమ్మకపు మాట. అసలైన సముద్రపు బాతులు ఉత్తరాది చలి సముద్రాల్లోవి, మన తీరానికి వచ్చేవి కావు. అయినా ఆ పేరు వింటే మా మేనమామకు నోరూరేది.

ఇక వేట. అది 1966 డిసెంబరు. నాకు పదమూడేండ్లు. మామయ్యకు బరంపురంలో కలప వ్యాపారం. ఆయన స్నేహితులొకరు ఓవర్సీయరు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. తుపాకి వారిదే. పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకి. ఏటా విజయదశమికి దానికి బొట్టుపెట్టి పూజ చేసేవారు. ఆ తుపాకితో ఆయన కొట్టిన పక్షుల లెక్క మేము చాలా సార్లు విన్నాము. ఆ లెక్క ఏటేటా పెరిగేది, ఆయన వేటకు పోని ఏడాది కూడా.

మా అమ్మమ్మకు ఈ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. "బాతుని తెస్తే దొడ్లో వండుకోండి. నా వంటింటి గడప తొక్కనివ్వను. చక్రవాకాన్ని కొట్టినట్టు తెలిసిందో, నువ్వూ గడప తొక్కక్కర్లేదు" అని కొడుకుతో కచ్చితంగా చెప్పేసింది. జంటలో ఒకదాన్ని కొడితే రెండోది అరిచి అరిచి ప్రాణం విడుస్తుందని ఆవిడ నమ్మకం. తిట్టిన చేత్తోనే పెద్ద అడ్డాకు పొట్లంలో పులిహోర, సీసాలో మాగాయ సర్దింది. మామయ్య వేరే సంచిలో అల్లం, వెల్లుల్లి, ధనియాలు, లవంగాలు నూరించిన ముద్ద, సేరు ఉల్లిపాయలు, చిన్న ఇత్తడి గిన్నె పెట్టుకున్నాడు. బాతు పడగానే దీవిమీదే వండడానికన్నమాట.

సాయంత్రం పాసింజరులో బయలుదేరి రాత్రికి బాలుగావ్ చేరాము. నావ మాట్లాడడానికి ఓవర్సీయరుగారు ఒడ్డున కూర్చున్న ముసలివానితో ఒరియాలో బేరం మొదలుపెట్టారు. ఆ ముసలివాడు మా మాటలు చెవిని పడేసరికి, "తెలుగోళ్ళేటి బాబూ!" అన్నాడు. అతడు నోళియా. గంజాం, పూరీ తీరాల్లో సముద్రంమీద తెప్పలు వేసే ఈ బెస్తలు మన కళింగాంధ్రం వైపునుంచి వచ్చినవాళ్ళని అందరికీ తెలిసిందే. "మాది బారువ దరి బాబూ. మా తాత కాలాన ఇటొచ్చీసినాం. నాను సిన్నప్పుడు పాలూరు కాలవమీద నావ నడిపినాను, తరవాత ఇక్కడికొచ్చి పడినాను" అని చెప్పుకున్నాడు. మాటలో ఉన్న యాస మా ఇంట్లో ఎవరికీ లేదు. మామయ్య అతన్ని అప్పుడే "తాతా" అని పిలవడం మొదలుపెట్టాడు. ఓవర్సీయరుగారు మాత్రం బేరం చివరిదాకా ఒరియాలోనే సాగించారు. తెలుగులో అయితే రేటు తగ్గించడం మొగమాటమని ఆయన అభిప్రాయం కాబోలు.

రెండు గంటల రాత్రివేళ నావ కదిలింది. అడుగు చదునుగా ఉండే నాటునావ. గాలి ఉంటే చాప ఎత్తుతారు, లేకపోతే వెదురు గడతో తోస్తారు. చలికి నా పళ్ళు టకటకలాడినవి. కొంత దూరం పోయాక తాత కుడివైపు చీకట్లోకి చూపించి, "అదిగో కాళీజాయి తల్లి. ఓ కాయ కొట్టి పోదుమా బాబూ" అన్నాడు.

కాళీజాయి కథ తెలియనివారి కోసం చెబుతున్నాను. జాయి అనే పడుచును పెండ్లి చేసి, తండ్రి నావమీద పారికుదు దీవికి అత్తవారింటికి తీసుకుపోతున్నాడట. నడిమధ్య గాలివాన లేచి నావ బోల్తాపడింది. అందరూ బ్రతికారు, జాయి ఒక్కతే మునిగింది, శవం కూడా దొరకలేదు. తరువాత ఆ దారిన పోయే నావికులకు ఆమె గొంతు వినబడేదట. ఆమెనే కాళితో కలిపి ఆ దీవిమీద కొలుస్తున్నారు. ఇప్పటికీ మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర. చిలికా నావికుడు ఎవరూ ఆమెకు దండం పెట్టకుండా పోడు.

"కాయ తిరుగు ప్రయాణంలో కొట్టుదువుగాని, తెల్లవారితే పక్షులు లేచిపోతాయి" అన్నారు ఓవర్సీయరుగారు. తాత మారు మాట్లాడలేదు. అక్కడినుంచే దండం పెట్టి, చుట్టకోసం దాచుకున్న అణా బిళ్ళ నీట్లోకి విసిరాడు. ఆనాటి కష్టాలన్నీ ఆ కాయ కొట్టకపోవడం వల్లనే వచ్చినవని మా అమ్మమ్మ తీర్పు. నేనైతే గాలి వల్ల, తూటాల వల్ల, ఓవర్సీయరుగారి తొందర వల్ల వచ్చినవని అనుకుంటాను.

తూటాల సంగతి ముందు చెప్పాలి. ఆ రోజుల్లో తూటా డిప్ప దళసరి కాగితంతో చేసేవారు. తడి తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బితే తుపాకి గొట్టంలో దూరదు. ఇరవైఅయిదు తూటాల అట్టపెట్టెను ఎవరు పెట్టారో గాని నావ అడుగున, కారిన నీటిలో పెట్టారు. రాత్రంతా అది హాయిగా నానింది.

నలబనా సమీపానికి చేరేసరికి తూర్పు తెల్లబడుతున్నది. నలబనా అంటే రెల్లు అడవి. సుమారు పదిహేను చదరపు కిలోమీటర్ల దీవి అయినా వానాకాలంలో నీట మునిగిపోయి, శీతకాలంలో మెల్లగా తేలుతుంది. తాత గడను చప్పుడు కాకుండా దింపుతూ నావను ఒక రెల్లు దుబ్బు పక్కకు చేర్చాడు. మంచులో ముందు ఏమీ కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడింది. పెద్ద సంతలో జనం దూరంనుంచి మాట్లాడుకుంటున్నట్టు ఒక గుసగుస. వెలుగు వచ్చిన కొద్దీ, నల్లగా మట్టిదిబ్బ అనుకున్నది కదలసాగింది. అది దిబ్బ కాదు, బాతులు. కంటికి ఆనినంత మేర నీటికి బదులు బాతులే.

పన్నెండు బోరు తుపాకి నలభై గజాలకు మించి పనిచేయదు. ఈ సంగతి నాకు చెప్పింది ఓవర్సీయరుగారే. ఆ గుంపు నూరు గజాలకు తక్కువ లేదు. "ఆగండి బాబూ, ఎండ కాసినాక మేతకి ఇటే ఒస్తాయి" అని తాత గొణిగాడు. ఆయన ఆగలేదు. రెండు గొట్టాలూ ఒకదాని వెంట ఒకటి పేల్చారు.

ఆ తరువాత జరిగింది చెప్పడానికి నాకు ఈనాటికీ మాట దొరకదు. సరస్సు లేచి నిలబడ్డట్టయింది. అన్ని వేల రెక్కలు ఒక్కసారి నీటిని కొడితే వచ్చే చప్పుడు చెవికి కాదు, రొమ్ముకు వినబడుతుంది. వెలుగు తగ్గిపోయింది. నామీద నీటిబొట్లు పడ్డవి. వాన కాదు, వాటి కాళ్ళనుంచి రాలిన నీరు. మామయ్య నోరు తెరచి పైకి చూస్తూ ఉండిపోయాడు. తాత తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత దొంతరలో ఒక్క పక్షి కూడా పడలేదు.

మళ్ళీ తూటాలు ఎక్కించబోతే ఉబ్బినవి దూరలేదు. ఇరవైమూడింటినీ పరీక్షిస్తే పైవరుసలో మూడు మాత్రం పొడిగా ఉన్నవి. రెండు గంటలు రెల్లులో కూర్చున్నాక విడి బాతులు తిరిగి రాసాగినవి. వాటిలో ఒక సూదితోక బాతు తలమీదుగా పోతుంటే ఓవర్సీయరుగారు కొట్టారు. రెక్కకు తగిలింది, నావకు ముప్ఫై గజాల దూరాన బురదగట్టు పక్కన వాలింది. "పడింది, పడింది!" అంటూ ఆయన తుపాకితో సహా నావ దిగారు. "దిగొద్దు బాబూ, అది గట్టు కాదు, ఊబి!" అని తాత కేక వేస్తూనే ఉన్నాడు.

పదడుగులకు మోకాళ్ళు, ఇరవై అడుగులకు నడుము దిగబడింది. ఆయన లావుపాటి మనిషి. పైకి రావాలని కదిలిన కొద్దీ కిందికి పోతున్నారు. ముఖం తెల్లబడింది. మామయ్య కూడా దిగబోతే తాత చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు. నావమీది పలకలు రెండు ఊడదీసి బురదమీద పరిచి, వాటిమీద బోర్లా పడుకొని, గడ ముందుకు చాచాడు. "తుపాకి ఒదిలీయండి! రెండు సేతులా గడ పట్టండి!" అన్నాడు. ప్రాణంమీదికి వచ్చినా ఆయన తుపాకి వదలడానికి ఒప్పుకోలేదు. ఒక చేత్తోనే గడ పట్టుకున్నారు. గడ జారింది. అప్పుడా ముసలివాడు, రాత్రంతా బాబూ బాబూ అన్నవాడు, "ఒదులు, ఎదవ ఇనుము! ఇంటికాడ పెళ్ళాం బిడ్డల్లేరా నీకు!" అని గద్దించాడు. ఆయన వదిలేశారు. తుపాకి బుడుంగున పోయింది. మామయ్యా నేనూ తాత కాళ్ళు పట్టుకొని వెనక్కి లాగాము; తాత గడను లాగాడు. పావుగంట పట్టింది. నావలోకి వచ్చిపడ్డాక ఓవర్సీయరుగారు కాసేపు చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. ఆ గందరగోళంలో మంచినీళ్ళ కుండ దొర్లి పగిలింది. బాతు సంగతి అడగక్కర్లేదు. ఈదుకుంటూ రెల్లులోకి పోయింది.

తాత ఒక తెడ్డు తీసి తుపాకి మునిగిన చోట గుచ్చి వచ్చాడు. ఇక పోదామంటే నావ కదలలేదు. ఉత్తరపు గాలి బలంగా పట్టింది. "ఈ గాలికి నీరు దక్షిణానికి తోసుకుపోతాది బాబూ. గాలి పడితే మళ్ళీ ఒస్తాది" అన్నాడు తాత. ఉదయం మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికి చీలమండ లోతే మిగిలింది. చుట్టూ కనుచూపు మేర నీరు, తాగడానికి చుక్క లేదు. మాగాయ, పులిహోర మహా రుచిగా ఉన్నవి, తిన్నకొద్దీ దాహం. మసాలా ముద్ద పరిమళం ఎండకు నావంతా వ్యాపించింది; దాన్ని ఆనాడు ఎవరూ తలచుకోలేదు. ఓవర్సీయరుగారు బురద ఆరిన బట్టలతో విగ్రహంలా కూర్చుని, లైసెన్సు తుపాకి పోతే పోలీసులకు చెప్పుకోవలసిన జవాబు కూర్చుకుంటున్నారు. దూరాన ఒక జత చక్రవాకాలు మమ్మల్ని లక్ష్యపెట్టకుండా మేస్తూ ఉండినవి.

పొద్దుగుంకాక గాలి పడింది. నీరు నిజంగానే తిరిగి వచ్చింది. బాలుగావ్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. స్టేషనులో కొళాయి దగ్గర మేము తాగిన నీరు ఎంతో చెప్పలేను.

ఎనిమిదో నాటి పొద్దున్న తాత మా బరంపురం ఇంటి ముందు నిలబడ్డాడు. భుజాన వలగుడ్డలో చుట్టిన తుపాకి. మూడు రోజులు తెడ్డు చుట్టూ బురదలో కాళ్ళతో వెదికాడట. మామయ్య ఇరవై రూపాయలు ఇవ్వబోతే రైలు ఖర్చు, తెడ్డు ఖరీదు మాత్రం తీసుకున్నాడు. ఆ తుపాకిని బాగుచేయడానికి కలకత్తా పంపారు. గొట్టాల లోపల తుప్పు గుంటలు పడ్డవి, పేల్చితే ప్రమాదమని తిరిగి వచ్చింది. ఓవర్సీయరుగారు దానికి విజయదశమి బొట్టు మాత్రం మానలేదు.

ఇప్పుడు చిలికాలో ఎవరూ తుపాకి ఎత్తడానికి లేదు. 1972 లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1981 లో చిలికా రామ్‌సార్ ఒప్పందపు జాబితాలో చేరింది. మన దేశంలో మొదట చేరిన రెంటిలో ఇదొకటి. నలబనా పక్షుల అభయారణ్యం అయింది. మధ్యలో సముద్ర ముఖం పూడిపోయి, ఉప్పు తగ్గి, చేప తగ్గి సరస్సు చెడిపోయే దశ వచ్చింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తవ్వాక మళ్ళీ తేరుకున్నది. ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊరున్నది. ఒకప్పుడు అక్కడ తుపాకులతో, వలలతో, విషం పెట్టి కూడా పక్షుల్ని పట్టి అమ్మేవారు. ఆ ఊరి వేటగాళ్ళే 2000 ప్రాంతాల్లో వేట మాని కాపలాదార్లయ్యారు. ఈనాడు వాళ్ళే గడ నావల్లో చూడవచ్చినవాళ్ళను తిప్పి, ఏ పక్షి ఏదో వేలు చూపి చెబుతున్నారు. జనవరిలో లెక్కవేస్తే సరస్సు మొత్తంమీద పది లక్షలకు పైగా పక్షులు తేలుతున్నవి. వెళ్ళదలచినవారు డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున వెళ్ళాలి. తాగే నీరు తప్పక పట్టుకుపోవాలి.

తాత వచ్చిననాటి మాట ఒకటి మిగిలింది. రైలు ఖర్చు పుచ్చుకున్నాక కూడా అతడు వెంటనే కదలలేదు. అరుగుమీద కూర్చుని, అమ్మమ్మ ఇచ్చిన అన్నం తిని, చివరకు సిగ్గుపడుతూ నన్ను అడిగాడు: "బాబూ, నువ్వు తెలుగు రాతలు సదువుతున్నావా?" బరంపురంలో మా వీథి పిల్లలు చాలామంది అప్పటికే ఒరియా బడికి మారారు. నాకు అమ్మమ్మ పట్టుదల వల్ల తెలుగు వచ్చును. బారువ దగ్గర అతనికొక చెల్లెలున్నదట. నాలుగేండ్లుగా కబురు లేదు. తనకు రాయడం రాదు; మనుమలకు ఒరియా తప్ప రాదు; ఒరియాలో రాయిస్తే అక్కడ చదివేవారు లేరు. నేను కార్డు తెచ్చి అతను చెప్పినట్టే, అతని యాసలోనే రాశాను. నావ బాగుంది, నడుం నొప్పిగా ఉంది, నీ కూతురి పెళ్ళి అయిందా లేదా, నేను బ్రతికే ఉన్నాను, ఇంతే. చిరునామా చెప్పలేకపోయాడు. "సముద్రం ఒడ్డున, గంగమ్మ గుడి దరి" అన్నాడు. మామయ్య ఆలోచించి పోస్టుమాస్టరుగారి ద్వారా అని చేర్చి, జవాబుకు మా ఇంటి చిరునామా ఇచ్చాడు.

నలభై రోజులకు జవాబు వచ్చింది. ఎవరో బడిపంతులు గుండ్రని దస్తూరీతో రాసిపెట్టినది. చెల్లెలు ఉన్నది, ఒక కన్ను పోయింది, కూతురి పెళ్ళి అయింది, అన్న చచ్చిపోయాడనుకొని రెండేండ్ల కిందటే దినం చేశారు. ఆ మాట చదివి మా అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, "దీన్ని టపాలో పంపకురా, నువ్వే పోయి చదివి వినిపించు" అని మామయ్యను ఆదేశించింది.

మామయ్య మరునాడే బాలుగావ్ వెళ్ళాడు. తాత నావలో నీటిమీద ఉన్నాడట; ఇంకొక నావ కట్టించుకుని దగ్గరకు పోయి, అక్కడే ఉత్తరం చదివాడు. తాత తన దినం సంగతి విని పెద్దగా నవ్వి, మళ్ళీ చదవమన్నాడట. మళ్ళీ చదివాక మూడోసారి చదవమన్నాడట. మామయ్య ఉత్తరం మడిచి ఇచ్చేసరికి సూదితోక బాతులు ఒక నలభై, నావకు పదిహేను గజాల్లో వచ్చి దిగినవట.